కాఫీ మ్యూజియంకి వెళ్తే మేకల బొమ్మ దగ్గరే ఆగిపోకండి

కాఫీ మ్యూజియంకి వెళ్ళినవాళ్ళు చాలామంది చేసేది ఒకటే, టికెట్ తీస్కుని లోపలికెళ్ళి మొదటి గదిలో మేకల కాపరి బొమ్మ పక్కన నిలబడి ఓ పావుగంట ఫోటోలు దిగడం, మధ్య గదులన్నీ గబగబా దాటేయడం, చివర్లో కెఫేలో కూలబడి ఓ కాపుచినో తాగి వచ్చేయడం. నేనూ మొదటిసారి అచ్చం ఇదే చేశా. తర్వాత ఇంకో రెండు చూశాక తెలిసొచ్చింది ఏంటంటే అసలు సరుకంతా ఆ దాటేసిన మధ్య గదుల్లోనే ఉంటుందని. కాళ్ళల్లో ఓపిక, బుర్రలో శ్రద్ధ ఎక్కడ ఖర్చుపెట్టాలో ముందే తెలిస్తే మీకు రెండో ట్రిప్పు అక్కర్లేదు, అందుకే ఇది రాస్తున్నా.

ముందు మీరు వెళ్ళేది ఏ రకం మ్యూజియమో చూస్కోండి. వ్యాపారం జరిగిన చోటే మ్యూజియంగా మారినవి కొన్నుంటాయి, బ్రెజిల్‌లో శాంటోస్ రేవులో ఉన్నది అలాంటిదే, 1922లో కాఫీ ఎక్స్ఛేంజ్ కోసం కట్టిన బిల్డింగ్, బేరాలు జరిగిన హాల్లో కుర్చీలు అలాగే ఉంచి 1998లో మ్యూజియం చేశారు. హాంబర్గ్‌లో పాత గోదాముల పేటలో ఇంకోటుంది. కంపెనీలు పెట్టినవి వేరే రకం, జపాన్‌లో కోబేలో యూసీసీ వాళ్ళు 1987లో పెట్టారు, ఇటలీలో మిలన్ దగ్గర చింబాలి గ్రూప్ వాళ్ళ ముమాక్ 2012లో వచ్చింది, అది పూర్తిగా కాఫీ మెషిన్ల లోకం. ఎందుకు చెప్తున్నానంటే కంపెనీ మ్యూజియంలో మెషిన్లు కన్నుల పండగ్గా ఉంటాయి గానీ తోటల్లో వెట్టి చేసినవాళ్ళ సంగతి ఒక ప్యానెల్‌లో తేల్చేసే ఛాన్స్ ఎక్కువ. తప్పు పట్టట్లేదు, ఎవరి ఇంట్లో ఎవరి ఫోటోలు పెట్టుకుంటారో అంతే కదా. ఏది ఎక్కడ దొరుకుతుందో తెలిసి వెళ్తే ఆశపడి నీరుగారిపోవడం ఉండదు.

టైమ్ విషయానికొస్తే కనీసం రెండున్నర గంటలు పెట్టుకోండి. రోస్టింగ్ డెమో, టేస్టింగ్ సెషన్ ఉన్నాయా, ఏ రోజు ఏ టైమ్‌కి, విడిగా బుక్ చేసుకోవాలా, ఇవి ముందే ఫోన్ చేసో సైట్‌లో చూసో తెలుసుకోండి. టేస్టింగ్ ఉంటే దాన్ని చివర్లో కాకుండా మధ్యలో పడేలా చూస్కోండి, కూర్చోడానికి కూర్చున్నట్టూ ఉంటుంది, తర్వాత గదులు చూసేటప్పుడు నోట్లో ఆ రుచి ఇంకా ఉంటుంది.

ఇంక ఆ రోజు పొద్దున సంగతి. సెంటు కొట్టుకోవద్దు, వాసన చూడటం అక్కడ సగం పని, మీ సెంటు మీ పక్కవాడి ముక్కుని కూడా పాడుచేస్తుంది. ఏదన్నా తిని వెళ్ళండి. మరీ ముఖ్యంగా కాఫీ తాగి వెళ్ళకండి. నవ్వొచ్చినా సరే ఇది అనుభవంతో చెప్తున్నా, ఒకసారి ఇంట్లో ఓ కప్పు, మ్యూజియం కెఫేలో టేస్టింగ్ మొదలయ్యేదాకా ఏం చేస్తాంలే అని ఇంకో రెండు కప్పులు, అదీ ఖాళీ కడుపుతో, పైగా చివరి కప్పు సలసలా కాగుతున్నదాన్ని ఒక్క గుక్కలో పోసుకుని నాలుక కాల్చుకున్నా. సెషన్‌లో స్పూన్ పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది, ఎదురుగా ఐదు దేశాల కాఫీలు, ఐదూ నాకు ఒకేలా కాలిన అట్టముక్క రుచి. పక్కనున్న ఆవిడ మల్లెపూల వాసన వస్తోంది అంటుంటే నేను తల ఊపుతూ కూర్చున్నా.

సరే లోపలికి వెళ్దాం. మొదటి గదిలో దాదాపు ఎక్కడైనా కల్ది కథే. ఇథియోపియాలో మేకల కాపరి, మేకలు ఎర్రటి పళ్ళు తిని గంతులేశాయి, వాడు తెలుసుకున్నాడు అని. ఇది తొమ్మిదో శతాబ్దంలో జరిగిందని చెప్తుంటారు గానీ, కాపరి కథ అచ్చులో కనపడేది 1671లో, రోమ్‌లో ఫౌస్టస్ నైరోన్ అనే ఆయన లాటిన్‌లో రాసిన చిన్న పుస్తకంలో. అందులో కూడా ఒంటెల కాపరి, కొందరు మేకల కాపరి అంటారు అని ఉంటుంది, కల్ది అనే పేరే లేదు. అంటే మధ్యలో ఎనిమిది వందల ఏళ్ళ ఖాళీ. కాబట్టి ఇక్కడ బొమ్మని కాదు, బొమ్మ కింద లేబుల్‌ని చూడండి. అది కథ అని రాశారా, లేక జరిగినట్టే రాశారా? జరిగినట్టే రాస్తే మిగతా గదుల్లో లేబుల్స్‌ని కూడా కాస్త చూసి నమ్మండి. నాకు ఇది ఒక మంచి పరీక్షలా పనికొస్తుంది, రెండు నిమిషాల్లో మ్యూజియం ఎలాంటిదో తెలిసిపోతుంది.

గట్టి ఆధారాలు ఉన్నది ఏంటంటే, చెట్టు సొంతూరు ఇథియోపియా నైరుతి అడవులు, తాగడం మాత్రం 15వ శతాబ్దంలో యెమెన్ సూఫీల దగ్గర కనిపిస్తుంది, రాత్రిళ్ళు ప్రార్థనలో నిద్ర రాకుండా ఉండటానికి. 1511లో మక్కాలో ఖైర్ బేగ్ అనే అధికారి కాఫీని నిషేధించాడు, కైరోలో ఉన్న సుల్తాన్ దాన్ని పక్కన పెట్టేశాడు. ఇది ఎక్కడైనా ప్యానెల్ మీద కనపడితే ఆగి చదవండి, జనం ఒకచోట చేరి మాట్లాడుకుంటుంటే పైవాళ్ళకి ఎందుకు గుబులో మొదటిసారి అక్కడే కనిపిస్తుంది. తర్వాత లండన్‌లో 1652లో పాస్కా రోజే మొదటి కాఫీహౌస్ పెట్టడం, 1675 డిసెంబర్‌లో రెండో చార్లెస్ రాజు కాఫీహౌస్‌లన్నీ మూసేయమని ఆర్డర్ వేసి గోల ఎక్కువయ్యేసరికి కొద్దిరోజుల్లోనే వెనక్కి తీసుకోవడం, ఇదంతా అదే పాట. కాఫీహౌస్ గది ఎప్పుడూ అందంగా ఉంటుంది, పాత టేబుళ్ళు, పింగాణీ కప్పులు, చెక్కుడు బొమ్మలు, అక్కడ ఎంతసేపున్నా తెలీదు, కానీ నా మాట విని ఇక్కడ పది నిమిషాలు చాలనుకోండి.

ఎందుకంటే పక్కన ప్రపంచ పటం ఉంటుంది. ఇక్కడ ఆగాలి. పటం మీద బాణాలు చాలా ఉంటాయి, అన్నీ ఒకేసారి చూస్తే బుర్రకి ఎక్కదు, ఒక్క మొక్కని పట్టుకుని వేలితో దాని వెంట వెళ్ళండి. యెమెన్ నుంచి బయటికి మొలకెత్తే గింజ పోనీకుండా కాపలా కాసేవాళ్ళని చెప్తారు, 17వ శతాబ్దంలో బాబా బుదాన్ అనే సూఫీ సాధువు మన కర్ణాటకకి ఏడు గింజలు దాచి తెచ్చాడన్నది ఒక నమ్మకం. డచ్చివాళ్ళు 1690ల్లో జావాలో నాటారు. అక్కడి నుంచి 1706లో ఒక మొక్క ఆమ్‌స్టర్‌డామ్ తోటకి చేరింది. దాని సంతతి మొక్క ఒకటి 1714లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీకి కానుకగా వెళ్ళింది. ఆ పారిస్ మొక్క పిల్లని 1720ల్లో గాబ్రియెల్ ద క్లియూ అనే నౌకాదళ అధికారి ఓడలో మార్టినిక్ అనే కరీబియన్ దీవికి పట్టుకెళ్ళాడు, నీళ్ళకి కటకట వస్తే తన వాటా నీళ్ళు మొక్కకి పోశానని తనే రాసుకున్నాడు. 1727లో పాలెట అనే పోర్చుగీసు అధికారి ఫ్రెంచ్ గయానాకి సరిహద్దు గొడవ తీర్చడానికి వెళ్ళి, అక్కడి గవర్నర్ భార్య ఇచ్చిన పూలగుత్తిలో దాచిన గింజలు బ్రెజిల్‌కి తెచ్చాడని ఇంకో కథ.

ప్రతి మ్యూజియం వీటిని సాహసకథల్లా, ప్రేమకథల్లా చెప్తుంది, బాగానే ఉంటాయి కూడా. మీరు మాత్రం పక్కనుంచి ఒక లెక్క చూడండి. మొత్తం ప్రయాణంలో ఎన్ని మొక్కలు కదిలాయి? ఏడు గింజలు, ఒక మొక్క, ఒక పిల్ల మొక్క, గుప్పెడు గింజలు. ఇవన్నీ అరాబికా అనే కాఫీ రకం, దాని పువ్వు తన పుప్పొడితోనే తను ఫలదీకరణం చెందుతుంది, అంటే కొత్త రక్తం ఎక్కడం అరుదు. అలా ఎక్కడెక్కడో లక్షల ఎకరాల్లో నిలబడ్డ చెట్లన్నీ దాదాపు ఒకే ఇంటి పిల్లలు. అందరి ఒంట్లో ఒకే బలహీనత అన్నమాట, ఒకదాన్ని పట్టిన తెగులు అన్నిటినీ పట్టేస్తుంది. ఇది బుర్రలో పెట్టుకుని తర్వాత గదిలో తెగుళ్ళ పెట్టె వెతకండి, ఉంటే ఓ మూల ఉంటుంది, లైటు కూడా సరిగ్గా పడదు. అందులో ఎండిన కాఫీ ఆకు ఒకటి, దాని అడుగున నారింజ రంగు పొడి చల్లినట్టు మచ్చలు. అదే కాఫీ తుప్పు తెగులు, హెమీలియా వాస్టాట్రిక్స్ అని 1869లో పేరు పెట్టారు, సిలోన్‌లో, అంటే ఇప్పటి శ్రీలంకలో, అదే ఏడు బయటపడింది. ఓ ఇరవై ఏళ్ళలో అక్కడి కాఫీ తోటలు పోయి వాటి చోట తేయాకు వచ్చింది. పటం దగ్గర చూసిన పూలగుత్తి కథ, ఈ ఎండుటాకు, రెండూ ఒకటే సంగతి, కానీ ఒకే చోట పెట్టి చూపించిన మ్యూజియం నాకింకా తగల్లేదు, ఆ ముడి మీరే వేసుకోవాలి.

ఇప్పుడు కష్టమైన గది. కొన్నిచోట్ల అసలు ఉండదు. 1780ల్లో ప్రపంచపు కాఫీలో సగం దాకా సాన్ డొమింగ్ అనే ఒక్క ఫ్రెంచ్ కాలనీ నుంచే వచ్చేది, ఇప్పటి హైతీ, పండించినవాళ్ళు ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు. 1791లో వాళ్ళు తిరగబడ్డారు, 1804లో స్వతంత్ర దేశం అయ్యారు. బ్రెజిల్‌లో బానిసత్వం రద్దయింది 1888లో, అంటే కాఫీ వల్ల ఆ దేశం కోట్లు గడించిన కాలంలో ఎక్కువ భాగం వాళ్ళ వీపుల మీదే. ప్యానెల్ లేకపోయినా దీన్ని చూసే మార్గం ఒకటుంది. గోడల మీద తోట దొరల ఇళ్ళవీ రేవులవీ పెయింటింగులు, పాత ఫోటోలు ఉంటాయి కదా, మధ్యలో ఉన్న భవనాన్నీ టోపీ పెట్టుకున్న పెద్దమనిషినీ వదిలేసి అంచులు చూడండి. బస్తా మోస్తున్నది ఎవరు, కాళ్ళకి చెప్పులున్నాయా, కళ్ళంలో గింజలు తిరగేస్తున్న ఆడవాళ్ళ పక్కన చంటిపిల్లలు ఎక్కడ పడుకున్నారు. లేబుల్‌లో దొర పేరు, ఊరు, ఏడాది అన్నీ ఉంటాయి, మోసేవాడికి పేరుండదు. ఫోన్‌లో అంచు ఒక్కటే జూమ్ చేసి తీస్కోండి, ఇంటికొచ్చాక చూస్తే అది వేరే ఫోటో అయిపోతుంది.

దగ్గర్లోనే ఒక గోనె బస్తా ఉంటుంది, ఎత్తి చూడమని పెడతారు కొన్నిచోట్ల. 60 కిలోలు, ప్రపంచమంతా కాఫీ లెక్క ఇప్పటికీ ఆ బస్తాల్లోనే. నడుం నొప్పి ఉన్నవాళ్ళు ఎత్తకండి గానీ మిగతావాళ్ళు ఒక అంగుళం లేపి చూడండి, ఆ బరువు గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే తర్వాత లెక్క ఇది: ధరలు కుప్పకూలాక 1931 నుంచి 1944 దాకా బ్రెజిల్ ప్రభుత్వం తగలబెట్టో సముద్రంలో పారబోసో నాశనం చేసింది సుమారు 7 కోట్ల 80 లక్షల బస్తాలు. మీరు ఇందాక లేపలేకపోయిన ఆ బస్తాలు. మిగిలిపోతున్న పంటని ఎలాగైనా నిలవ ఉండేలా చేయమని బ్రెజిల్ వాళ్ళు నెస్లేని అడగడం, ఏళ్ళ తరబడి ప్రయోగాల తర్వాత 1938లో నెస్కెఫే రావడం దీని వెనకాలే. ఇన్‌స్టంట్ కాఫీ డబ్బాలు సాధారణంగా ఇంకో హాల్లో పాత యాడ్స్ పక్కన రంగురంగులుగా ఉంటాయి, అవి చూసినప్పుడు ఈ మంటలు గుర్తు తెచ్చుకోండి.

మెషిన్ల హాల్లో చాలామందికి కళ్ళు తిరుగుతాయి, వరసగా ఇత్తడి, రాగి, క్రోమ్, డేగబొమ్మలు, డయల్స్, అన్నీ ఒకేలా అనిపిస్తాయి. నా చిట్కా, ప్రతి మెషిన్ ముందు ఒక్కటే ప్రశ్న అడగండి, ఇందులో నీళ్ళని తోస్తున్నది ఎవరు? బరువుకి వాటంతట అవే దిగుతున్నాయా, ఆవిరి తోస్తోందా, మనిషి చెయ్యి తోస్తోందా, మోటారు తోస్తోందా. అంతే, హాలంతా నాలుగు ముక్కలుగా విడిపోతుంది. దిగేవాటిలో మెలిటా బెంట్జ్ చేసింది చూడండి, 1908లో జర్మనీలో ఒక గృహిణి, ఇత్తడి గిన్నెకి మేకుతో బొక్కలు కొట్టి కొడుకు స్కూల్ నోట్‌బుక్‌లోని బ్లాటింగ్ పేపర్ పరిచి డికాక్షన్ దించింది, మడ్డి లేదు, చేదు తగ్గింది, పేపర్ ఫిల్టర్ అలా పుట్టింది. ఆవిరివి నిలువుగా గుడి శిఖరంలా పొడుగ్గా ఉంటాయి. ట్యూరిన్‌లో మోరియోండో 1884లో పేటెంట్ తీసుకున్నాడు, మిలన్‌లో బెజ్జేరా 1901లో కప్పు కప్పుకీ విడిగా తీసేలా మార్చాడు. ఆవిరి బలం ఒకటిన్నర బార్ (ఒత్తిడి కొలత) చుట్టూనే, పైన నురగ రాదు. పొడుగు పిడి ఉన్న మెషిన్ దగ్గర ఆగండి, అది రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక గాజియా తెచ్చిన పద్ధతి, పిడి కిందకి లాగితే స్ప్రింగ్ బిగుస్తుంది, వదిలితే అది పిస్టన్‌ని తోసి నీళ్ళని ఎనిమిది తొమ్మిది బార్ల ఒత్తిడితో పొడిలోకి పంపుతుంది, ఇవాళ మనం క్రెమా అనే ఆ బంగారు నురగ అప్పుడే కప్పులోకి వచ్చింది. తర్వాత 1961లో ఫయేమా ఈ61, అందులో చేతి పని మోటారు పంపు తీసుకుంది, ఆ ఏడు వచ్చిన సూర్యగ్రహణం మీద పేరు పెట్టారు. బియాలెట్టి మోకా పాట్ 1933ది, అది ఆవిరి కుటుంబమే, స్టవ్ మీద పెట్టుకునే చిన్న చెల్లెలు. గైడ్ ఉంటే పిడి లాగి చూపించమని అడగండి, ఊరికే చూస్తే దాని బలం తెలీదు.

గింజల బల్ల దగ్గర ముట్టుకోనిస్తే మొహమాటపడొద్దు. ఒక పచ్చి గింజ అరచేతిలో వేస్కోండి, బూడిద ఆకుపచ్చగా ఉంటుంది, వాసన చూస్తే కాఫీ కాదు, ఎండుగడ్డి, పచ్చి బఠాణీ. మధ్య చీలికలో గోరు పెడితే పలచటి వెండి రంగు పొర వస్తుంది. చీలిక కాస్త వంకర తిరిగి గింజ కోలగా ఉంటే అరాబికా, చీలిక తిన్నగా ఉండి గింజ గుండ్రంగా ఉంటే రోబస్టా అనే ఇంకో రకం, ప్రతిసారీ కాకపోయినా ఎక్కువసార్లు సరిపోతుంది. తర్వాత వేయించినది ఇంకో చేతిలో. సైజు పెరిగింది, బరువు తగ్గింది, ఆరో వంతు దాకా ఎగిరిపోతుంది. అదే గది కాకపోయినా పక్కన రోస్టింగ్ డెమో ఉంటే కళ్ళు మూస్కుని వినండి, 200 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి పేలాలు పేలినట్టు టప్ టప్ మంటుంది, దాన్నే ఫస్ట్ క్రాక్ అంటారు, రోస్టర్ మొహం అప్పుడు చూడండి, అప్పటిదాకా కబుర్లు చెప్పిన మనిషి నోరు మూసేస్తాడు.

టేస్టింగ్‌కి మర్యాదలు ఇంటి దగ్గర వదిలి రండి. ముందు పొడి పొడిగానే వాసన చూడాలి, తర్వాత వేడినీళ్ళు పోస్తారు, నాలుగు నిమిషాలు ముట్టుకోకూడదు, పైన పొడి అట్టు కడుతుంది. ఆ అట్టుని స్పూన్ వెనకవైపుతో పక్కకి నెట్టేటప్పుడు ముక్కు కప్పుకి బాగా దగ్గర పెట్టండి, అసలు వాసనంతా ఆ రెండు మూడు సెకన్లలోనే లేస్తుంది, పోతే మళ్ళీ రాదు. నురగ తీసేసి చల్లారాక స్పూన్‌తో జుర్రుమని సౌండ్ వచ్చేలా పీల్చండి, సిగ్గుపడి మెల్లగా తాగితే రుచి నాలుక మీదే ఆగిపోతుంది, నోరంతా చిమ్మాలి. ఉమ్మడానికి గిన్నె ఇస్తారు, వాడండి, ఆరు కప్పులు మింగితే రాత్రి జాగారమే. ఇంకోటి, వేడిగా ఉన్నప్పుడు నచ్చనిదాన్ని పది నిమిషాలాగి మళ్ళీ తాగి చూడండి, పులుపు, తీపి చల్లారాకే బయటపడతాయి, నా లిస్టు ప్రతిసారీ తలకిందులవుతుంది.

ఇథియోపియా పద్ధతి డెమో ఉంటే టైమ్ చూస్కుని కూర్చోండి, మట్టి కూజా జెబెనాలోంచి మూడు విడతలు పోస్తారు, అబోల్, తోనా, బరకా, మొదటి కప్పు తాగి లేచిపోతే బాగోదు. టర్కీ కాఫీ ఇస్తే కాసేపు ఆగి మడ్డి అడుక్కి దిగాక తాగండి, చివరి గుక్క వదిలేయండి. పిల్లలతో వెళ్తే పటం గది స్కిప్ చేసి గింజలు, రోస్టింగ్ చూపించండి చాలు.

షాపులో రోస్ట్ చేసిన తేదీ వేసిన ప్యాకెట్ మాత్రమే కొనండి, ఎక్స్‌పైరీ డేట్ ఒక్కటే ఉంటే దాని వయసు మీకు తెలీదు. పొడి వద్దు, గింజలే. అలంకారానికి పెట్టిన, గింజలు పొడి చేసే చిన్న ఇత్తడి మరలు చూడ్డానికి ముద్దుగా ఉంటాయి, చాలావరకు వాటితో పొడి సమంగా పడదు. పచ్చి గింజల పొట్లం కొని వేరే దేశం నుంచి తెచ్చుకుందాం అనుకుంటే మాత్రం ముందు రూల్స్ చూస్కోండి, అవి విత్తనాల కింద లెక్క, మొక్కల క్వారంటైన్ వాళ్ళు ఆపొచ్చు. బాబా బుదాన్ టైమ్‌లో స్కానర్లు లేవు.